మూడో గుండీ

సీనియర్ ఎదురుపడితే తలొంచి వాడి చొక్కా మూడో గుండీనే చూడాలి. మొహం చూడకూడదు. ఆ కాలేజీలో ఎల్లారావు నేర్చుకున్న మొదటి పాఠం అదే. నెల తిరిగేసరికి అతనికి విజయవాడలో గుండీలన్నీ తెలుసు, మనుషులెవరూ తెలీదు.

ఆ సాయంత్రం వానలో, బస్టాపులో, సెకండియర్ కృప ముందు వాడిపోయిన బంతిపువ్వు పట్టుకుని, ఆమె చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఐ లవ్యూ అండీ."

"నాకా, నా చెప్పులకా?"

"మీకేనండీ. అమ్మాయిలవైతే చెప్పులే చూడాలని రూలు. ఇలా చెప్పకపోతే హాస్టల్ నీళ్లతొట్టిలో ముంచుతామన్నారు. నిన్న పదేపదే ముంచారు కూడా."

కృప గొడుగు కాస్త అతని మీదికి జరిగింది.

"భుజాన ఆ సంచేంటి?"

"బందరు బస్సెక్కేస్తానండీ. చదువొద్దు, మా నాన్నతో వేటకెళ్లిపోతా. సముద్రం కూడా నన్నిన్నిసార్లు ముంచలేదు."

"ర్యాగింగ్ మీద చట్టమొచ్చి ఏడాదైంది. తప్పు చేసినోళ్లుండగా నువ్వెందుకు పోతావ్? ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పద."

ప్రిన్సిపాల్ గారు హాస్టల్ సీనియర్లందర్నీ యూనిఫాంలో వరసగా నిలబెట్టారు. "ఎవరో చూపించవయ్యా."

ఎల్లారావు తలెత్తాడు. ఒక్క మొహం కూడా పుట్టి బుద్ధెరిగాక చూసింది కాదు.

"తెలీదండీ."

వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. "గుర్తుపట్టకపోతే నేనేం చెయ్యను?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎల్లారావు సంచి సర్దుకున్నాడు.

"మొహాలొదిలెయ్," అంది కృప మెల్లిగా. "తల దించు."

దించాడు. ఒక్కసారిగా అందరూ మేనత్త కొడుకుల్లా కనిపించారు.

"నన్ను ముంచినాయనది ఎర్రదారంతో కుట్టిన గుండీ అండీ. కాళ్లు పట్టుకున్నాయనది అంచు విరిగిపోయింది. ఆ ముక్క తొట్టి అడుగునే ఉండాలి."

అతను వేలు చూపించే పనే లేకపోయింది. వరసలో జానకిరామ్ అనే సీనియర్ చెయ్యి గబుక్కున వెళ్లి తన మూడో గుండీని మూసేసింది. వాడి పక్కవాడిదీ అంతే. అటెండరు తొట్టిలో చెయ్యి పెట్టి దేవులాడి, విరిగిన ముక్క తెచ్చి బల్లమీద పెట్టాడు. ఇద్దరూ ఆ సాయంత్రమే సస్పెండయ్యారు.

మళ్లీ బస్టాపు. వాన వెలిసింది.

"ఇంక చెప్పులు చాలుగానీ, పైకి చూడు," అంది కృప.

చూశాడు. ఇన్నాళ్లూ గుండీల మీద వృథా చేసిన చూపంతా తలచుకుని దిగులేసింది.

"ఇందాకటి మాట మళ్లీ చెప్పనాండీ?"

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. అందుకే."

కృప నవ్వు దాచుకోవడానికి వాన లేకపోయినా గొడుగు విప్పింది. "రేపు చెప్పు. ఆ పువ్వు మాత్రం మార్చు."

బందరు బస్సొచ్చి ఆగింది. కండక్టరు పిలిచి పిలిచి, ఈ కుర్రాడికి చెముడనుకుని వెళ్లిపోయాడు.