పట్టాల దారిలో తాతగారి కుండ

డిటెక్టివ్ సియూ కుర్చీ చూపించినా లియాంగ్ కాయ్ కూర్చోలేదు.

"అయ్యా, మా తాతయ్య మళ్లీ కొండ దిగాడు!"

కొత్త రైలు దారి గిట్టుబాటవుతుందో లేదో తేల్చడానికి రేవులో పట్టు మూటల్నీ ప్రయాణికుల్నీ లెక్కపెట్టడం కాయ్ పని. దారి ఖాయమైతే పట్టాలు వేసే ముఠాకి అతనే మేస్త్రీ. కానీ కొండమీద సమాధిలో ఉండాల్సిన తాతగారి అస్థికల కుండ, ఎన్నిసార్లు తిరిగి పెట్టొచ్చినా, మూడు మధ్యాహ్నాలుగా రైలు కంపెనీ పాతిన గుర్తుకర్రల మధ్య ప్రత్యక్షమవుతోంది. ఇదంతా రైలు పనికి ఒప్పుకున్న కాయ్ చేసిన పాపమేనని, సాయంత్రం వంశావళిలో అతని పేరు కొట్టేస్తామని వంశం పెద్దలు తేల్చేశారు. పేరు పోతే చచ్చాక దీపం పెట్టే దిక్కుండదు.

సియూ వెంటనే బయల్దేరాడు. ఖాళీ పొలంలో ఒంటరిగా కూర్చున్న ఆ కుండని చూడగానే సహాయకుడు ఫుక్ రెండడుగులు వెనక్కి వేశాడు. సియూ మాత్రం దాని పక్కన పసుపు మట్టిలో చిన్న గుంట చూశాడు.

"ఏమిటండీ అది?"

"గొడుగు మొన దిగిన గుంట."

రేవుకెళ్లి అడిగితే పడవల యజమాని సితో మండిపడ్డాడు. "రైలొస్తే నా నోట్లో మట్టే, నిజం! అలాగని పరాయివాళ్ల ఎముకలు మోస్తానా? దయ్యం పడితే నువ్వొచ్చి వదిలిస్తావా?"

కాయ్ ఇంట్లో తల్లి టీ ఇచ్చింది. నల్లమట్టి వాకిట్లో, మొనకి పసుపు మట్టి అంటిన గొడుగుని పక్కకి జరిపి కూర్చున్నాడు ఫుక్. మన ఫుక్‌కి అప్పుడేమీ తట్టలేదు.

సాయంత్రం వంశమందిరంలో సియూ అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఎముకలకి ఎండ తగలకుండా గొడుగు పట్టేది సొంతవాళ్లే. పగవాడైతే దొర్లించుకుపోయేవాడు. కాయ్ చిన్నాన్నగారు మూడు రోజులూ ఈ మందిరంలోనే ఉన్నారు. కాయ్ రేవులో ఉన్నాడు, అందుకు సితో మనుషులే సాక్ష్యం. ఇక మిగిలింది ఒక్కరు. వాళ్ల గొడుగు మొనకి ఆ పొలంలోని పసుపు మట్టి అంటి ఉంది."

తల్లి లేచింది. "నేనే. సముద్రం అవతల పట్టాలు వెయ్యడానికి వెళ్లిన మా ఆయన ఎముక ముక్కైనా ఇల్లు చేరలేదు. మామగారైతే వీణ్ణి ఆపుతారనుకున్నాను. కొడితే నా పేరు కొట్టండి."

పేరు కొట్టడానికి వంశావళి ముందు కుంచె పట్టుకున్న చిన్నాన్న ఆమె వైపు తిరిగాడు. "వదినా, అన్న పేరు పక్కనే నీ పేరుంది. నా చెయ్యాడదు." కుంచె కింద పెట్టేశాడు.

"అమ్మా, ఈ దారి గిట్టుబాటవుతుంది. అబద్ధం రాయలేను, రేపు కంపెనీకి అదే చెబుతాను," అన్నాడు కాయ్. "కానీ ముఠాతో నేను వెళ్లను."

"ఒట్టేనా?"

"ఒట్టు."

 భర్త ఎముకలు ఇల్లు చేరాక ఏడుద్దామని పదకొండేళ్లుగా ఆపుకున్న ఏడుపంతా తల్లి అక్కడే, అందరి ముందూ, గొంతెత్తి ఏడ్చింది.