లీడరమ్మతో ఒప్పందం

“మా వలల మీద గాలిమరలు పాతడానికి మీకెన్ని గుండెలండీ?”

ఆలస్యంగా వచ్చాను కదా, నక్కుతూ వెళ్ళి వెనక వరుసలో కూర్చుందామనుకున్న అతను తలుపు దగ్గరే కొయ్యబారిపోయాడు. హాలు మధ్యలో పెద్ద బల్ల. దాని మీద పరిచిన సముద్రపు మ్యాపు. ఆ మ్యాపు ముందు నిలబడి ఒక అమ్మాయి సరిగ్గా అతని వైపే వేలు చూపిస్తోంది. తడి జుట్టు, ఎండకు కమిలిన ముక్కు, నిప్పులు కురిపించే కళ్ళు.

“నేనేం పాతలేదండీ. పోర్టు ఆఫీసులో మ్యాపులు గీస్తాను. బస్సు లేటయింది, సారీ,” అన్నాడు.

హాలంతా గొల్లుమంది.

శిక్షణ ఇచ్చే మేడమ్ నవ్వు ఆపుకుంటూ వచ్చి అతని మెడలో ఒక కార్డు వేశారు. దాని మీద ‘గాలిమరల కంపెనీ మేనేజర్’ అని ఉంది.

“మిగిలింది ఇదొక్కటే బాబూ, అందుకే మీకొచ్చింది. సముద్రం ఒక్కటే, అడిగేవాళ్ళు చాలామంది. ఓడల దారి ఎటు, వలలెక్కడ, గాలిమరలెక్కడ, ఎవరూ ముట్టుకోకుండా వదిలెయ్యాల్సిన చోటెక్కడ? ఇది తేల్చడం నేర్చుకోవడానికే వచ్చారు మీరంతా. అందుకే ఒక్కొక్కరికీ ఒక్కో వేషం ఇచ్చాను. కార్డు మెడలో ఉన్నంతసేపూ మీరు మీరు కాదు. టీ దగ్గరైనా సరే.”

ఆ అమ్మాయి మెడలో ‘మత్స్యకారుల సంఘం లీడర్’ అని ఉంది. నిజానికి ఆమె నీళ్ళ అడుగుకు దిగి సముద్రగడ్డిని సర్వే చేసే డైవర్. కానీ ఆ పూటనుంచే అందరికీ లీడరమ్మ అయిపోయింది.

అతని తిప్పలూ ఆ పూటే మొదలయ్యాయి.

పొద్దున బల్ల దగ్గర ఆమె అతన్ని దులిపేసేది. చేపలు గుడ్లు పెట్టే చోట స్తంభాలు దింపుతారా అని నిలదీసేది. మధ్యాహ్నం వరండాలో టీ కప్పు పట్టుకుని ఆమే ఎదురొచ్చేది.

“మేనేజరుగారూ, చక్కెర ఎక్కువా, తక్కువా?”

“ఇది లంచమా?”

“కాదు. శత్రువు నీరసపడితే పోట్లాటలో మజా ఉండదు.”

ఒకరోజు వాన దంచికొడుతుంటే ఇద్దరూ చూరు కింద ఇరుక్కుని నిలబడ్డారు. చినుకులు ఆమె చెంప మీద పడుతున్నాయి. ఆమె తుడుచుకోవడంలేదు. ఆ చినుకుల్ని చూడకుండా ఉండటానికి అతను చాలా కష్టపడుతున్నాడు.

“మా వాళ్ళకి మీరంటే అస్సలు పడదు. నాకేమో...” అని ఆగింది.

“మీకేమో?”

“నాకేమో ఆకలేస్తోంది,” అంటూ లోపలికి తుర్రుమంది.

ఇది లీడరమ్మ అన్నదా, ఆ అమ్మాయి అన్నదా? ఇంటికెళ్ళేదాకా అతనికి అదే ఆలోచన. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయాడు.

“అక్కా, ఒకమ్మాయి పొద్దున తిట్టి, మధ్యాహ్నం టీ తెచ్చిస్తే ఏమనుకోవాలి?”

“పెళ్ళయిందనుకోవాలి,” అంది అక్క, పేపరు చదువుతున్న బావ వైపు ఓరగా చూసి.

బావ పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. అతనికి ఏం పాలుపోలేదు.

శిక్షణ ముగింపుకొస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం హాల్లో ఇద్దరే మిగిలారు. మ్యాపును చెరోవైపు పట్టుకుని మడతపెడుతున్నారు. ఆమె తల ఎత్తకుండా అంది, “నన్ను దూరంగా ఒక ద్వీపానికి రమ్మంటున్నారు. రెండేళ్ళు. వెళ్ళమంటారా?”

ఓహో, ఇదా ఎత్తు! లీడరు వెళ్ళిపోతానని బెదిరిస్తే కంపెనీ దిగొస్తుందనుకుంటోంది. ఎట్టకేలకు ఒక్కసారైనా ఈమె మాట అర్థమైందని అతనికి ఎక్కడలేని సంతోషం వేసింది.

“తప్పకుండా వెళ్ళండి. మా కంపెనీ మిఠాయిలు పంచుతుంది.”

ఆమె తలెత్తింది. “అంతేనా?”

“అంతే. కావాలంటే పడవ టికెట్టు కూడా మేమే కొనిపెడతాం.”

ఆమె తన చేతిలోని మ్యాపు అంచును మెల్లగా బల్ల మీద పెట్టింది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఇవాళ భలే గెలిచాననుకుంటూ అతను కిటికీ వైపు తిరిగాడు. లీడరమ్మ కార్డు కిటికీ గట్టు మీద ఉంది.

వెళ్తూ తీసి పెట్టిందా? ఆమె కిటికీ వైపు వెళ్ళనేలేదే! మరి ముందే తీసేసిందా? తీసేసి అడిగిందా?

మర్నాడు ఆమె రాలేదు.

“ఇవాళ వేషాలు మారతాయి,” అంటూ మేడమ్ అతని మెడలో లీడరమ్మ కార్డు వేశారు. అతని కార్డు ఇంకెవరికో వెళ్ళింది.

అతను బల్ల ముందు నిలబడ్డాడు. నోరు తెరవగానే ఆమె మాటలే వచ్చాయి. సముద్రగడ్డి ఉన్నచోట పిల్ల చేపలు పెరుగుతాయనీ, అక్కడ మేమూ వల వెయ్యం, మీరూ స్తంభం దింపకండనీ అన్నాడు. పడవలు ఒడ్డుకొచ్చే దారి వదిలేసి, గాలిమరల్ని ఓడల దారికి అవతల పెట్టుకోండన్నాడు. ఇన్నాళ్ళూ తను కాదన్నవన్నీ తనే అడిగాడు. కొత్త మేనేజరు కాసేపు గింజుకుని, చివరికి సరేనన్నాడు.

“ఆ అమ్మాయి చెప్పింది ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదే!” అన్నారు మేడమ్.

“ఆవిడెందుకు రాలేదు మేడమ్?”

“ద్వీపంలో సర్వే ఉద్యోగం వచ్చింది కదా! నీళ్ళలోకి దిగాలంటే ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. పోర్టు ఆసుపత్రికి వెళ్ళింది.”

“అంటే అది నిజమేనా?”

“ఏది బాబూ?” అని మేడమ్ అడిగేసరికి అతను మెట్ల మీదున్నాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన ఒక పెద్దాయన. గోళ్ళలో ఇంజిను నల్లటి గ్రీజు. అతన్ని చూసి ఆమె ముఖం తిప్పుకుంది.

“నిన్న అడిగింది మీరేనా?” అన్నాడు అతను ఆయాసపడుతూ.

“ఇంకెవరు?”

“జవాబు చెప్పింది నేను కాదు. మేనేజరు.”

“కార్డు తీసేసే కదా అడిగాను! మెడలో లేదని చూసుకోరా?”

“మీ ముఖం చూడటానికే నాకు టైము చాలదు. ఇంక మెడ ఎక్కడ చూస్తాను?”

పెద్దాయన పొడిగా దగ్గాడు. “గాలిమరల కంపెనీ అంటే ఈ అబ్బాయేనా?”

“నాన్నా!”

“రోజూ భోజనాల దగ్గర ఇదే గోల బాబూ. మేనేజరు ఇలా అన్నాడు, మేనేజరు అలా నవ్వాడు అని. వాళ్ళమ్మయితే నిజంగానే కంపెనీ వచ్చి పడుతోందని కంగారుపడుతోంది. నేను పడవల ఇంజిన్లు బాగుచేసుకునేవాణ్ణి, నాకేం తెలుస్తుంది?”

అతను గోడకు ఆనుకున్నాడు. “వెళ్ళొద్దని చెబుదామని బయల్దేరాను. దారిలో, ఎందుకు ఆపాలి, అది మీకెంతో ఇష్టమైన పని కదా అనిపించింది. ఇక్కడికొచ్చాక ఏం చెప్పాలో తెలియడంలేదు.”

“ఏదో ఒకటి చెప్పండి.”

“మీరంటే నాకిష్టం. నా బుర్రలో గందరగోళం లేకుండా ఉన్నది అదొక్కటే. మీరు వెళ్ళండి. సెలవు దొరికినప్పుడల్లా నేనే పడవెక్కి వస్తాను. రావద్దంటే ఇప్పుడే చెప్పండి.”

ఆమె నేలకేసి చూసింది. పెదవి కొరుక్కుంది.

“అంటే ఔననా, కాదనా?” అని అతను దిక్కుతోచక పెద్దాయన్నే అడిగాడు.

“నన్నడిగితే ఎలా బాబూ? వాళ్ళమ్మ అప్పట్లో ఏమందో నాకిప్పటికీ తేలలేదు.”

తలుపు తెరుచుకుంది. నర్సు బయటకు తొంగిచూసింది. “రండమ్మా. ఇంట్లోవాళ్ళు మాత్రమే లోపలికి రావాలి. ఈయనెవరు?”

అతను పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కూతురి వైపు చూశాడు.

ఆమె లేచి, సంచీ భుజానికి తగిలించుకుంది. “మావాడే,” అంది.

“ఇంకా చూస్తావేం? నడు,” అని పెద్దాయన అతని వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టాడు.

లోపల నర్సు గొట్టం నోటికందించి గట్టిగా ఊదమంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఎదురుగా బిక్కమొహం వేసుకుని నిలబడ్డ అతన్ని చూసి ఫక్కున నవ్వేసింది. మళ్ళీ పీల్చుకుంది. మళ్ళీ నవ్వింది.

“మీవాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టండమ్మా! లేకపోతే ఈ పరీక్ష ఇవాళ తెమలదు,” అని నర్సు విసుక్కుంది.

అతను మళ్ళీ వరండాలోకి వచ్చి బెంచీ మీద చతికిలబడ్డాడు. తనను లోపలికెందుకు తీసుకెళ్ళారో, బయటికెందుకు పంపారో ఇంకా సరిగ్గా తెలియలేదు. నవ్వు మాత్రం ఆగడంలేదు.