తూము దగ్గర తెడ్డు చప్పుడు

బెంగళూరు పక్కన జిగణి దాటాక అపార్ట్‌మెంట్ల వెనక ఒక చెరువుంది. దాని తూము దగ్గరికి చీకట్లో ఎవరూ పోరు. నిరుడు బైరప్ప అనే జాలరి పుట్టి తిరగబడి అక్కడే పోయాడు. ఇప్పుడు రెండు రోజులుగా తెల్లారుజామున నీళ్ళ మీద చప్పుడు... తప్... తప్... బైరప్పే తెడ్డేస్తున్నాడని పాలప్యాకెట్లవాడు ఆ దారే మానేశాడు. వాడి భయానికి ఊరందరి కాఫీ ఆలస్యం!

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రి కాపలా రామాంజిది. యూనిఫాం వేసుకుని రెండేళ్ళే. అంతకు ముందు పాతికేళ్ళు అదే చెరువులో అన్న ఆవులప్పతో కలిసి వల వేశాడు. మురుగు కలిసి నీళ్ళు నురగ కక్కడం మొదలయ్యాక తను తప్పుకున్నాడు. అన్న తప్పుకోలేదు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఈ ఏడు ఆవులప్ప ఒక్కడే చేపపిల్లల్ని వదిలాడు. ఈసారీ చేప దక్కకపోతే చెరువు మొహం చూడనని పెళ్ళాం సొన్నమ్మకు మాటిచ్చాడట.

మూడో రాత్రి చప్పుడు మళ్ళీ మొదలైంది. రామాంజి చెవి పెట్టి విన్నాడు.

దెయ్యం ఇంత వరసగా కొట్టదు... ఇది చేపలకు ఊపిరి అందించే దెబ్బ. వేకువన నీళ్ళలో గాలి తగ్గిపోతే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. అప్పుడు తెడ్డుతో నీళ్ళు కొడుతూనే ఉండాలి. ఆపితే చస్తాయి.

అంటే... అన్న!

టార్చి తీసుకుని గట్టు దిగాడు. భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. రెండేళ్ళుగా అతనికి ఏదీ పెద్దగా అనిపించడం లేదు.

తూము దగ్గర చీకట్లో పుట్టి... అందులో వంగిన వీపు.

"అన్నా..." గుసగుసగా పిలిచాడు.

తప్... తప్...

"నేనన్నా, రామాంజిని. నువ్వు జరుగు, కొంచేపు నేను కొడతా."

"వచ్చినావా అప్పా," అన్నాడు ఆవులప్ప, వెనక్కి తిరక్కుండానే. ఆ గొంతులో కోపం లేదు. ఇంకేమీ కూడా లేదు. "మీ వదినకు చెప్పాకు."

"ఏం చెప్పగూడదు?"

ఇంతలో గాలి ఇటు తిరిగింది. ఒకటే వాసన... రామాంజి టార్చి నీళ్ళ మీదికి తిప్పాడు.

తెల్లగా — తూము నుంచి వెలుగు అందినంత దాకా తెల్లగా. మూరెడేసి కట్ల చేపలు, పొట్టలు పైకి తేలి ఉన్నాయి. తెడ్డు పడినప్పుడల్లా పక్కకు జరిగి, మళ్ళీ పుట్టి దగ్గరికే వస్తున్నాయి.

"అన్నా... ఇవి ఎప్పుడు..."

"నిన్న తెల్లారేతలికే."

"తెలిసీ కొడతా ఉండావా?"

తెడ్డు ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"ఆపితే ఇంటికి పోవాల గదప్పా..."

తప్... తప్...

రామాంజి టార్చి ఆర్పేశాడు.