నీడలో తీసిన నెత్తురు

ఆ పొద్దున పాలాయన ఎర్రావు పొదుగు కడుగుతుంటే కూతురు పాకలోకి వచ్చింది. రోజూ వస్తూనే టీ తాగావా అని అడిగే పిల్ల ఆ పూట గుంజ పట్టుకుని ఊరికే నిలబడింది.

ఆమె పశువుల పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఒళ్లు వేడెక్కితే ఆవులోనైనా, ఎలుకలోనైనా, మనిషిలోనైనా కొన్ని జన్యువులు మేలుకుంటాయి. కణాలు చెడిపోకుండా కాపుకాసే ప్రొటీన్లను తయారు చేయిస్తాయి. ఏ ఆవులో అవి ఎలా మేలుకుంటాయో తేల్చడమే ఆమె పని. అందుకు ఇంట్లో ఆవుల్నే ఎంచుకుంది. మొన్న పొద్దున ఒకసారి నెత్తురు తీసి, మధ్యాహ్నం తాను వచ్చేదాకా ఎండలో కట్టి ఉంచమని తండ్రికి అప్పజెప్పి, వచ్చాక మళ్లీ తీసుకుపోయింది.

తీరా చూస్తే ఆ జన్యువులు కళ్లు తెరవనే లేదట. పొద్దుటి నెత్తురునే రెండు సీసాల్లో పోసి తెచ్చావా అని పరిశోధనశాల పెద్దసారు అందరి ముందూ అడిగాడట. ఇవాళ సమాధానం చెప్పకపోతే ఉద్యోగం ఊడినట్టే.

"నిజం చెప్పు నాన్నా. ఆవులు ఎండలోనే ఉన్నాయా?"

ఉన్నాయన్నాడు పాలాయన, తల ఎత్తకుండా. చెంబుతో వచ్చిన తల్లికి నోరు ఆగలేదు.

"ఎండలోనా? చెట్టుకింద కట్టి అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. నీ బండి చప్పుడు వినగానే బయటికి లాక్కొచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక్కనాడైనా విసిరాడా?"

ఎవరూ నవ్వలేదు.

"నన్ను దొంగని చేశారు నాన్నా. ఆవు మీద ఉన్నపాటి జాలి నామీద లేకపోయిందా?"

ఆ మాట పాలాయనకు వాత పెట్టినట్టు తగిలింది. "నోరులేనిది తల్లీ. అది రొప్పుతుంటే చూడలేకపోయా. నీ మెడకు చుట్టుకుంటుందని ఈ మొద్దు బుర్రకి తట్టలేదు."

చెయ్యి తుడుచుకుని ఆమె వెంటే పరిశోధనశాలకు వెళ్లాడు. సారు ముందు నిలబడి తప్పు తనదేనని చెప్పాడు. సారు ఇవాళే మళ్లీ నెత్తురు తియ్యమన్నాడు, తానూ వచ్చి చూస్తానన్నాడు.

మధ్యాహ్నం పాలాయన ఎర్రావును తన చేత్తోనే ఎండలో కట్టాడు. కట్టి, అక్కణ్ణుంచి కదల్లేదు.

"నీడలోకి రా నాన్నా."

"దాన్ని ఇక్కడ నిలబెట్టి నేను నీడలో ఎలా ఉంటానే?"

చెమటో కన్నీళ్లో, ఆయన ముఖమంతా తడిసి ఉంది. పొద్దున తానన్న మాట గుర్తొచ్చి కూతురు లోపలికి వెళ్లింది. గొడుగు తెచ్చి తండ్రి నెత్తిన పట్టింది. దాని నీడ ఆవు వీపు మీద పడింది. పాలాయన అది చూసి, ఆవు మీద నీడ పడకుండా గొడుగును తనే ఇవతలికి జరిపాడు.