కుడివైపు తిరిగిన మీట

మా ఆఫీసులో ఏ యాప్ తయారైనా, వాడి చూసినవాళ్ళని చివర్లో ఒకటే అడిగేవాళ్ళు: ఎలా ఉంది? అందరూ మొహమాటానికి బాగుందనేవాళ్ళు. కొత్తగా చేరిన ఒకమ్మాయికి ఈ పద్ధతి బొత్తిగా నచ్చలేదు. మధ్యలో ఎన్నిసార్లు విసుక్కున్నారో చివరికొచ్చేసరికి ఎవరికి గుర్తుంటుందని బాసుతో వాదించి, గుండ్రటి మీట ఒకటి తయారుచేయించింది. యాప్ వాడుతున్నంతసేపూ దాన్ని పట్టుకుని, హాయిగా ఉంటే కుడికి, చిరాకేస్తే ఎడమకి తిప్పుతూ ఉండాలి. దాన్నిబట్టి కంప్యూటర్‌లో ఒక గీత పైకీ కిందికీ నడుస్తుంది.

ఆరోజు రావాల్సిన మనిషి రాకపోయేసరికి, పక్క టీమ్‌లో ఖాళీగా కనబడ్డ నన్ను కూర్చోబెట్టింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ యాప్. తను అద్దం అవతలి గదిలో ఉంది. యాప్ కాస్త నడిచి బిగుసుకుపోయింది. తను వచ్చి, నా పక్కన వంగి సరిచేసి వెళ్ళింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ వచ్చింది. అంత చెత్త యాప్ నేను జన్మలో చూడలేదు. అయినా లేవబుద్ధి కాలేదు.

మర్నాడు మీటింగులో ఆ గీత చూసి బాసు పకపకా నవ్వాడు. యాప్ ఆగిన చోటల్లా అది ఆకాశంలో ఉంది.

"ఇదేం కొలతమ్మా? యాప్ ఆగిపోతే మురిసిపోయేవాడెవడు? ఆ మీట పక్కన పడేసి పాత ప్రశ్నే అడుగుదాం."

తన మొహం వాడిపోయింది. నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, తన కష్టం మట్టిలో కలుస్తుంది. లేచాను.

"మీట బాగానే ఉంది సార్. యాప్ ఆగినప్పుడల్లా ఈవిడ వచ్చి పక్కన నిలబడ్డారు. నేను తిప్పింది అందుకు."

అందరూ తనవైపు తిరిగారు. తను మాత్రం తొణకలేదు.

"అయితే ఈ పరీక్ష చెల్లదు సార్. మధ్యలో నేను లోపలికి వెళ్ళకుండా ఉండాల్సింది. కానీ మీట నిజమే చెప్పింది."

బాసు నవ్వు ఆపుకుంటూ, మీటని ఉండనిమ్మన్నాడు. నాకు మాత్రం ఆ 'చెల్లదు' అన్న మాటే గుండెలో గుచ్చుకుంది.

సాయంత్రం తనే ఆ పరీక్ష గదికి పిలిచింది. మళ్ళీ పరీక్షా అని అడిగాను.

"అవును. ఈసారి మీట నా చేతిలో ఉంటుంది. మీరు బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రండి."

"ఏ యాప్?"

"యాప్ లేదు."

బయటికెళ్ళి, జుట్టు సర్దుకుని, తలుపు తోశాను. తను నన్నే చూస్తోంది. వెనక తెరమీద గీత గబగబా పైకెక్కి, అంచు తగిలి ఆగిపోయింది. తను మీటని ఇంకా కుడికే తిప్పుతోంది.