ఏటివైపు చూపు

అసుర సంధ్య వేళ! ఆకాశం కాటుక పులుముకుంది. తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన కోటగోడ మీద గుడ్లగూబ ఒకటి కర్ణకఠోరంగా అరిచింది... ఆ వెంటనే చెల్లెలి కేక! తవ్వకాల అధికారిణి అయిన అక్క చెవిన పడింది ఆ కేక. తవ్వకాల్లో దొరికినవాటి బొమ్మలు గీసే చెల్లెలు కోట ద్వారం దగ్గర ఒంటరిగా ఉంది.

పరుగున వెళ్ళి చూస్తే, ద్వారం కింద పొద్దున ఏటివైపు మొహంతో బయటపడిన స్త్రీ కపాలం లేదు! బొమ్మ గీయడం పూర్తయ్యేదాకా దేన్నీ కదపకూడదన్నది ఆ పనిలో తొలి పాఠం. ఎవరో దాన్ని పెకలించారు.

గోడ అవతల, ఏటి పక్క గుంటలో, కపాలాన్ని తనవైపు తిప్పి పెట్టుకుని కూర్చున్నాడు, కూలీలంతా బూడిదాయన అని పిలిచే మనిషి. నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడిలా నెల్లాళ్ళుగా ఇక్కడే కూలి చేసిన అతను, ఘోర క్షుద్రోపాసకుడు! ఎదుట చెల్లెలు... విరబోసిన కేశాలు, తేలిన కనుగుడ్లు!

"కోట కట్టినప్పుడు దీన్ని బలిచ్చారు. ఇక ఇది నా బానిస! నీ చెల్లి ఒళ్ళే దీనికిల్లు!"

చెల్లెలి గొంతులోంచి ఒక ముసలి స్వరం పెగిలింది. "నా మొహం ఇటు తిప్పావేంట్రా... ఏరొస్తోంది!"

పిడుగు పడింది. ఏరు హోరున పొంగింది. అక్కకు అప్పుడు వెలిగింది... గోడ బయటంతా వరద ఒండ్రు, లోపల చిటికెడు కూడా లేదు! ఏటివైపు చూస్తూ ఆ స్త్రీ కోటను కాస్తోంది!

"అడుగు కదిపితే నీ చెల్లి ప్రాణం తీస్తా!"

చెల్లెలి పెదాలు అప్పటికే నల్లబడుతున్నాయి. అమ్మ పోతూ తన చేతుల్లో పెట్టిన పిల్ల! అక్క ఇక ఆగలేదు. ఒక చేత్తో కపాలాన్ని, ఇంకో చేత్తో చెల్లెలిని లాక్కుని ద్వారం లోపలికి దూకింది. తడిమట్టిలో కపాలం అచ్చు ఇంకా చెదరలేదు. దాన్ని ఆ అచ్చులోనే, ఏటివైపు చూసేలా కూర్చోబెట్టింది.

ప్రళయంలా వచ్చిన నీరు గోడ దగ్గర ఠక్కున ఆగింది. బూడిదాయన మాత్రం బయట ఉండిపోయాడు, తన చేత్తో తవ్విన గుంటలోనే!

"అమ్మా! లోపలికి రానియ్యి! నీ కాళ్ళు మొక్కుతా!"

"ఏటివైపు నుంచి వచ్చేవాణ్ణి నేనెప్పుడూ రానివ్వలేదు" అంది చెల్లెలి నోట ఆ స్వరం.

ఏరు వాణ్ణి మింగేసింది. ఒక్క ఆర్తనాదం... అంతే!

చెల్లెలు నెమ్మదిగా కళ్ళు తెరిచింది. తన గొంతుతోనే, నిద్రలోంచి లేచినట్టు అడిగింది. "అక్కా... తలుపేశావా?"

ఆ ద్వారానికి తలుపులు పోయి వేల ఏళ్ళయింది.

"వేశానే, పడుకో" అంది అక్క, ఏడుస్తూ.