రత్తమ్మ ఫోన్లో పాటలు

సోమవారం పొద్దున మణికుమార్ పళ్లు తోముకుంటూ కూడా నవ్వుతున్నాడు. నురగ గడ్డం మీదికి కారుతున్నా ఆపడం లేదు. నిన్న మ్యాట్నీలో చూసిన డబ్బింగ్ బొమ్మ ఇంకా అతని తలకెక్కే ఉంది. కొత్తగా పెళ్లయిన జంట ముచ్చటపడి పడకగదిలో ఫోనుతో వీడియో తీసుకుంటారు. అది కాస్తా మామగారి ఫోన్లోకి, ఆఫీసరు ఫోన్లోకి, చివరికి చర్చి ఫాదరు ఫోన్లోకి పాకిపోతుంది. దాన్ని చెరిపించడానికి ఆ ఇద్దరూ ఇల్లిల్లూ తిరుగుతుంటే హాలంతా ఈలలే.

"ఆ ఫాదరు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడే!" అన్నాడు పుక్కిలిస్తూ.

నాగమల్లేశ్వరి పాలగిన్నె దగ్గర నిలబడి ఉంది. తనూ నవ్వింది, ఇంటర్వెల్ దాకా. ఆ తర్వాత ఒక సంగతి గుర్తొచ్చి నవ్వు రాలేదు. మూడు నెలల కిందట మణికుమార్ కొత్తగా కెమెరా ఫోను కొన్నాడు. కొన్న వారానికే అలాంటి ముచ్చటే పడ్డాడు. వద్దంటే బతిమాలాడు. పొద్దున్నే చెరిపేస్తానని ఒట్టేశాడు.

"మనది చెరిపేశారా?"

"ఏది? ఓ, అదా!" మణికుమార్ కన్ను కొట్టాడు. "నా ఫోన్లో లేదులే."

"మరెక్కడుంది?"

"మెమరీ కార్డులో. పెద్ద కార్డు కొన్నాగా, పాతది రెండు నెలల కిందట అమ్మ ఫోన్లో వేశా. బజార్లో పాటలు వినాలని గోల పెడుతుంటే."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఆమె చూడలేదు.

"మీ అమ్మ ఫోన్లోనా?"

"అమ్మకి చదువొచ్చా ఏమన్నానా? ఆకుపచ్చ బొత్తం నొక్కుద్ది, పాటొస్తుంది. అంతే." మళ్లీ నవ్వొచ్చింది అతనికి. "అచ్చం సినిమాలోలాగే అయిందే మల్లీ!"

నాగమల్లేశ్వరి అతన్ని కింది నుంచి పైకి చూసింది. చంకలో తువ్వాలు, మూతి మీద నురగ. ఇలాంటివాడి ఒట్టునా తను నమ్మింది! కోపం కాదు, చెప్పు కింద ఏదో మెత్తగా తగిలినట్టు రోత పుట్టింది. పొయ్యి ఆర్పి చెప్పులేసుకుంది.

అత్తగారు చేపలమ్మే బజారు ఇంటికి అరమైలు కూడా లేదు. ఆ దూరంలోనే ఆమెకు ఎన్నో మొహాలు కనిపించాయి. రెండు నెలలు. అత్తగారి ఫోను పాటల కోసం బజారంతా చేతులు మారి ఉంటుంది. ఎవరెవరు చూశారో! చల్లపల్లిలో మాష్టారి కూతురని పేరున్న తను ఇంక ఏ వీధిలో తలెత్తుకు నడవాలి? అన్నిటికన్నా ముందు, అత్తగారి నోరు. కిలోకి పది తగ్గించమన్నవాళ్లకే వాళ్ల ఏడు తరాలు వినిపించే మనిషి.

రత్తమ్మ కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె పొలుసు తీస్తోంది. కోడలు ఏనాడూ రాని చోటికి రావడం చూసి చేతిలో చేప కింద పెట్టింది.

"ఏంటమ్మాయ్? ఎవరికైనా బాగోలేదా?"

"మీ ఫోను ఒకసారి ఇస్తారా అత్తయ్యా? పాటలు... కొత్తవి వేయిద్దామని."

రత్తమ్మ కోడలి మొహంలోకి కాసేపు చూసింది. పక్క పీట మీది ఆవిడతో, "బుల్లెమ్మా, బేరమొస్తే చూసుకో," అని లేచి, కోడల్ని ఐసు పెట్టెల వెనక్కి తీసుకెళ్లింది.

"నా ఫోన్లో పాటల్లేవు. రెండు నెలల్నించీ లేవు." బొడ్డుసంచీలోంచి ఖాళీ తలనొప్పి మందు సీసా తీసింది. మూత విప్పి అరచేతిలోకి వంచింది. నల్లటి కార్డు, చేప పొలుసంత కూడా లేదు.

నాగమల్లేశ్వరి కార్డు మీంచి కళ్లెత్తింది. "మీరు చూశారా?"

"నీ గాజులు కనపడ్డాయి. ఎంటనే నొక్కి ఆపేశా."

"బుల్లెమ్మత్త?"

"దానికి అద్దాల్లేకపోతే బొచ్చెకీ కొర్రమీనుకీ తేడా తెలవదు. అదేం సూస్తది! ఆ రోజే ఊడదీశా. ఇంకెవరి చేతికీ ఎళ్లలేదు, నా మాట నమ్ము."

"అప్పుడే విరిచి పారేయకపోయారా?"

"నేను పారేస్తే నీకు నమ్మకమేంటే? ఏడ పడిందో, ఎవడికి దొరికిందోనని బతికినన్నాళ్లూ గుండె పట్టుకుని ఉండేదానివి. పోనీ పిలిచి ఇద్దామంటే, నేను సూశానని తెలిసినాక నా ఎదురుగా కూచుని అన్నం తినగలవా? అడిగిన రోజున ఇద్దామని దాచా."

ఈలోగా మణికుమార్ వచ్చాడు. బనీను మీద చొక్కా, బొత్తాలు సగమే. కార్డు చూసి హమ్మయ్య అన్నట్టు నవ్వాడు.

"చెప్పాగా మల్లీ, అమ్మ దగ్గర భద్రంగా ఉంటదని! ఇలా తే, అందులో నలభై పాటలున్నాయి."

రత్తమ్మ కొడుకు వైపు తిరిగింది. కుళ్లిన సరుకు తెచ్చినవాణ్ని కూడా ఆమె అలా చూడదు.

"పాటలంట్రా సన్నాసీ? పెళ్లాం నమ్మి దగ్గరికొస్తే, దాని మానం తెచ్చి బజార్లో నా ఒళ్లో పడేశావు. ఇంకొకడైతే దొంగనేదాన్ని. నిన్ను దొంగ అన్నా ఎక్కువే, దొంగకి భయమన్నా ఉంటది."

"తప్పయిపోయిందమ్మా, మర్చిపోయా..."

"నాకు చెబుతావేంట్రా?"

మణికుమార్ భార్య వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. ఆమె మొహం చూశాక నవ్వు దానంతటదే జారిపోయింది. అప్పటిదాకా అతనికి అది సినిమానే.

నాగమల్లేశ్వరి కార్డు తీసుకుని కత్తిపీట దగ్గర కూర్చుంది. కత్తి అంచుకు ఆనించి నొక్కింది. టప్పుమంది. రెండు ముక్కలు నాలుగు చేసింది. తర్వాత లేచి మొగుడి ముందు చెయ్యి చాచింది.

"మీ ఫోను."

"ఇందులో ఏమీ లేదు మల్లీ."

"మీరన్నారు. నేను చూడలేదు."

చేపలు కొనేవాళ్లు పక్కనుంచి పోతున్నారు. అతను చేపలు కడిగిన నీళ్ల కాలవలో నిలబడి ఉంటే, ఆమె ఫోన్లోని ఫోటోలూ వీడియోలూ ఒక్కొక్కటే తిప్పింది. తొందరపెట్టే ధైర్యం అతనికి లేకపోయింది. ఏమీ లేదని తేలాక ఫోను ఇచ్చేసింది.

"మల్లీ, ఇంకెప్పుడూ..."

"ఇంటికెళ్లి పొయ్యి కడగండి. పాలు పొంగి ఉన్నాయి."

అతను తల వంచుకుని వెళ్లాడు. అప్పుడొచ్చాయి ఆమెకు కన్నీళ్లు, ఎక్కిళ్లతో. తడుముకుంటూ అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, వద్దమ్మాయ్. చేతులు నీచు కంపు," అని రత్తమ్మ వెనక్కి లాక్కోబోయింది.

"ఉండనీండి అత్తయ్యా," అంటూ నాగమల్లేశ్వరి ఆ చేతిని చెంపకు ఆనించుకుంది.